ఊపు

భౌతికశాస్త్రం పుస్తకాల్లో ఉండే తెలుగు మాటల్లో నాకు బాగా నచ్చినవాటిలో "జడత్వ భ్రామకం" ఒకటి. నచ్చడం తర్వాతి సంగతి, ముందు భయపెట్టింది. ఇంటర్‌లో ఆ పాఠం తెరిచిన రోజున చాలాసేపు ఆ రెండు మాటల దగ్గరే ఆగిపోయాను. జడం అంటే కదలనిది. భ్రామకం అంటే తిప్పేదేదో. కదలనిదానికీ తిప్పేదానికీ పొత్తు ఎట్లా కుదిరిందో అర్థం కాలేదు. మా ఊళ్ళో జడుడు అన్నది తిట్టు కూడా. ఈ భావానికి లాటిన్‌లో పేరు పెట్టినవాడు ఆయిలర్, 1765లో అచ్చైన పుస్తకంలో. అప్పటికే ఆయనకు ఒక కన్ను పోయింది, మరుసటి ఏడాదికి రెండోదీ మసకబారింది. తిరిగే వస్తువుల లెక్కలన్నీ ఆయన తలలో తిరిగేవి కాబోలు.

సంగతి మాత్రం చిన్నదే. ఒక వస్తువును తోయడం ఎంత కష్టమో దాని ద్రవ్యరాశి చెప్తుంది. తిప్పడం ఎంత కష్టమో చెప్పడానికి బరువొక్కటే చాలదు. ఆ బరువు ఇరుసుకు ఎంత దూరంలో ఉందో కూడా కావాలి. దూరం రెట్టింపైతే కష్టం నాలుగింతలవుతుంది. కుమ్మరి సారెకు అంచు దగ్గర బరువెక్కువ ఉండేది ఇందుకే. కర్రతో నాలుగు తిప్పులు తిప్పి వదిలేస్తే కుండ పైకి లేచేదాకా అది తిరుగుతూనే ఉంటుంది. తాడు మీద నడిచే దొమ్మరి పిల్ల చేతిలో అంత పొడుగు గడ ఉండేదీ ఇందుకే. ఆ గడ అంత తొందరగా ఒరగదు, ఒరిగేలోపు పిల్ల కాలు సర్దుకుంటుంది. కోటప్పకొండ తిరునాళ్ళకు కట్టే ప్రభలు మలుపు తిరిగేటప్పుడు తాళ్ళు పట్టుకున్నవాళ్ళు ఎందుకంత కేకలు పెడతారో చూసినవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు. పైనున్న బరువు ఒకసారి ఒరగడం మొదలుపెడితే ఆపడం కూడా అంతే కష్టం.

నేను బి.ఎస్సీ. చదివింది నరసరావుపేటలో, 1984 నుంచి 87 దాకా. ఇప్పుడది పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణం, అప్పుడంతా గుంటూరు జిల్లానే. కాలేజీ పేరెందుకు లెండి. మా క్లాసులో ఆడపిల్లలం ఆరుగురం. ల్యాబులో జతలు వేసినప్పుడు నాకు మాచర్ల వైపు నుంచి వచ్చిన అమ్మాయి జత కలిసింది. నాది గురజాల దగ్గర పల్లె. ఇద్దరం హాస్టల్లో ఒకే గది. రెండో ఏడుకల్లా ఎవరి రికార్డు ఎవరు రాశారో చేతిరాత చూసి కూడా చెప్పలేని స్థితికి వచ్చాం.

ఫ్లైవీల్ ప్రయోగం తెలుగు పుస్తకంలో గతిపాలక చక్రం పేరుతో ఉంటుంది. గోడకు బిగించిన ఇనుప చక్రం. దాని ఇరుసుకు చిన్న మేకు. పురికొసకు ఒక చివర ముడి వేసి మేకుకు తగిలించి, ఇరుసు చుట్టూ ఎనిమిది చుట్లు చుట్టి, రెండో చివర బరువు బిళ్ళలు వేలాడదీస్తాం. వదిలితే బరువు మెల్లగా దిగుతూ చక్రాన్ని తిప్పుతుంది. బరువు నేల మీద పరిచిన గోనెసంచిని తాకే వేళకు చుట్లన్నీ విప్పుకుని దారం మేకు మీదనుంచి జారిపోతుంది. అప్పుడు స్టాప్ వాచ్ నొక్కాలి. ఇక చక్రం తన ఊపు మీద తాను తిరిగి తిరిగి ఆగేదాకా ఎన్ని చుట్లు తిరిగిందో, ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టాలి. అంచు మీద సుద్దముక్కతో గీత గీసుకుంటాం. ఒకరు చుట్లు లెక్కపెడితే ఒకరు గడియారం చూడాలి. లెక్కపెట్టేవాళ్ళను మాట్లాడించకూడదు.

ఈ ప్రయోగంలో నాకిష్టమైన తెలివి ఒకటుంది. దిగే బరువు పోగొట్టుకున్న శక్తి మూడు చోట్లకు పోతుంది. కొంత ఆ బరువు వేగానికి, కొంత చక్రం తిరగడానికి, కొంత బేరింగు ఘర్షణకు. ఘర్షణ ఎంతో మనకు తెలియదు, కొలవడానికి వేరే సాధనమూ లేదు. అయితే బరువు జారిపోయాక చక్రాన్ని ఆపేది ఆ ఘర్షణే కదా. కాబట్టి చక్రాన్నే అడుగుతాం. నీలో ఉన్న శక్తంతా తినేయడానికి ఘర్షణకు ఎన్ని చుట్లు పట్టింది అని. ఆ లెక్కతో ఒక్కో చుట్టుకు ఘర్షణ ఎంత తింటుందో తేలుతుంది. దాన్ని దిగేటప్పటి ఎనిమిది చుట్లకూ వేసి తీసేస్తాం. తెలియనిదాన్ని కొలవకుండానే లెక్కలోంచి తప్పించడం అన్నమాట. పరీక్ష కోసం సూత్రం బట్టీ పట్టేవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మా ల్యాబులో ఆ చక్రానికి ఒక "జవాబు" ఉండేది. 6.2 లక్షల గ్రాము-సెంటీమీటర్ స్క్వేర్. అది ఎవరు కొలిచారో, ఎప్పుడు కొలిచారో తెలియదు. సీనియర్ల రికార్డులన్నిట్లో అదే. ఒకరికి 6.18, ఒకరికి 6.21, ఇంకొకరికి 6.24. మూడో అంకె దగ్గర కాస్త అటూ ఇటూ, అది కూడా మర్యాద కోసం. రికార్డులు ఏ క్రమంలో రాస్తారో అందరికీ తెలుసు. ముందు జవాబు రాసుకుంటారు, దాన్నుంచి వెనక్కి నడిచి చుట్లూ సెకన్లూ తయారుచేస్తారు. ఈ విద్యలో ఆరితేరినవాళ్ళుండేవాళ్ళు. రీడింగులు మరీ నున్నగా ఉంటే అనుమానం వస్తుందని మధ్యలో ఒకటి కావాలని చెడగొట్టేవాళ్ళు.

మేం తీసిన రోజున చక్రం బరువు జారాక 14 చుట్లు తిరిగి ఆగింది. 26 సెకన్లు. వేలాడదీసింది 300 గ్రాములు, ఇరుసు వ్యాసార్ధం 1.2 సెంటీమీటర్లు, బరువు దిగిన ఎత్తు 60 చిల్లర. లాగరిథం పట్టికలు ముందేసుకుని లెక్క చేస్తే 4.93 లక్షలు వచ్చింది. మళ్ళీ తీశాం. మళ్ళీ అంతే. నా జత అమ్మాయి వెర్నియర్‌తో ఇరుసును మూడుసార్లు కొలిచింది. బిళ్ళల్ని కెమిస్ట్రీ ల్యాబుకు తీసుకుపోయి తూచుకొచ్చింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"బేరింగు బిగుసుకుపోయిందేమోనే, ఘర్షణ ఎక్కువై జవాబు తగ్గిందేమో," అంది.

వినడానికి బాగానే ఉంది. కానీ ఘర్షణను లెక్కలోంచి తీసేశాం కదా! సూత్రం నిజమైతే ఘర్షణ మారినా జవాబు మారకూడదు. అప్పుడు మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది. చమురు వేసి చూద్దామని.

చమురు డబ్బా అటెండరు దగ్గరుండేది. అందరం ఆయన్ని బాబాయ్ అనేవాళ్ళం. ఏ స్ప్రింగు ఎంత సాగుతుందో, ఏ మీటరు ముల్లు ఎక్కడ ఇరుక్కుంటుందో లెక్చరర్ల కన్నా ఆయనకే బాగా తెలుసు. చక్రం రెండు పక్కలా గుడ్డతో తుడిచి, నాలుగు చుక్కలేసి, చేత్తో ఓ పది తిప్పులు తిప్పి, "ఇప్పుడు చూడండమ్మా, ఎట్టా పోయిద్దో," అన్నాడు.

పోయింది. 40 చుట్లు. 65 సెకన్లు. నేను లెక్కపెడుతూ ముప్పై దాటాక నవ్వాపుకోలేకపోయాను, చక్రం ఆగేటట్టు లేదు. కూర్చుని లెక్క చేశాం. 4.94 లక్షలు.

ఆ రోజు నాకు కలిగింది సంతోషమని చెప్తే తక్కువ చెప్పినట్టు. చుట్లు 14 నుంచి 40కి ఎగబాకాయి, సెకన్లు 26 నుంచి 65కి పోయాయి, చివరి అంకె మాత్రం కదల్లేదు. ఘర్షణ బేరింగుది, చమురు బాబాయిది, ఆ 4.94 మాత్రం చక్రం సొంతం. అది దాని ఇనుములో ఉంది. ఇంతవరకూ పుస్తకంలో ఉన్నవి నిజాలని నమ్మాను గానీ, నిజం ఇట్లా చేతికి తగులుతుందని అనుకోలేదు.

మరి 6.2 ఎక్కడిది?

బాబాయిని అడిగితే ఆయన ఆశ్చర్యపోలేదు. "అది పాత చక్రానిదమ్మా. దాని బేరింగు గూడు పగిలితే మా పెద్దోడు పుట్టిన ఏడు ఇది తెచ్చి బిగిచ్చారు," అన్నాడు. పాత చక్రం ఎక్కడుందంటే స్టోరురూము తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టి ఉంది. మేం రోజూ దాటుకుంటూ వెళ్ళేదే. రెండూ ఒకే మందం. పైకి ఒకటే అనిపిస్తాయి. దారం చుట్టి కొలిస్తే గోడమీది చక్రం చుట్టుకొలత 62.8 సెంటీమీటర్లు, తలుపు దగ్గరిది 66.6. అంటే వ్యాసంలో సెంటీమీటరు చిల్లర తేడా. ఇంత చిన్న తేడాకు అంత మార్పా అనిపిస్తుంది. కానీ మందం ఒకటే అయిన నిండు బిళ్ళకు వ్యాసార్ధం పెరిగితే బరువు దాని వర్గంలో పెరుగుతుంది, ఆ బరువున్న దూరం వర్గం మళ్ళీ వేరే. మొత్తం నాలుగో ఘాతం. ఆరు శాతం పెద్దదైతే జడత్వ భ్రామకం ఇరవై ఆరు శాతం పెరుగుతుంది. 4.94ని అంతమేర పెంచితే 6.23.

బాబాయి పెద్దకొడుకు అప్పుడు హైస్కూల్లో చదువుతున్నాడు. అంటే పదేళ్ళకు పైగా, తలుపుకు అడ్డం పెట్టిన చక్రం జడత్వాన్ని గోడమీది చక్రంతో కొలిచి, ఒక శాతం తేడాలో సరిగ్గా సాధిస్తూ వచ్చారు పిల్లలందరూ.

లెక్చరరుకు చూపించాం. మంచాయనే, పాఠం బాగా చెప్పేవాడు. కాగితాలన్నీ ఓపిగ్గా చూసి, "నిజమేనమ్మా. కానీ పరీక్షకొచ్చే ఎగ్జామినర్ చేతిలో 6.2 అని కాగితం ఉంటుంది. వాదన పెట్టుకుంటామా?" అన్నాడు. ఆ ప్రశ్నకు మేమేం చెప్తాం? నేను రికార్డులో రెండు పట్టికలూ వేశాను, చమురుకు ముందూ తర్వాతా. చుట్టుకొలతలూ రాశాను. ఎర్రసిరాతో 4.94 చుట్టూ సున్నా చుట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి వచ్చింది. ప్రాక్టికల్ పరీక్షలో చీటీ తీస్తే నాకు సోనామీటరు పడింది, నా జత అమ్మాయికి ఫ్లైవీల్ పడింది. తను 6.19 రాసింది. తండ్రి లేని పిల్ల, ఫస్ట్ క్లాస్ రాకపోతే స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది. ఆ రాత్రి గదిలో ఆ మాట ఎత్తలేదు. తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. తనతో ఆ అంకె రాయించిన ఏర్పాటు మీదే నా కోపమంతా.

వేసవి సెలవుల్లో ఇదంతా మా నాన్నకు చెప్పాను. ఆయన ఐదో తరగతితో ఆపేసినవాడు. కానీ ఫ్లైవీల్ గురించి ఆయనకు కొత్తగా చెప్పాల్సిందేం లేదు. 1967లో సాగర్ కాలవలకు నీళ్ళొదిలినప్పుడు పల్నాడంతా పండగ చేసుకుంది గానీ, మా పొలం మెరక మీదుంది, కాలవ కిందనుంచి పోయింది. మాకు బావీ, ఆయిల్ ఇంజనే దిక్కు. రెండు పక్కలా రెండు పెద్ద చక్రాలున్న ఇంజను. పొద్దున్నే దాన్ని లేపడం ఇద్దరు చేసే పని. నాన్న హ్యాండిల్ తగిలించి తిప్పేవాడు, నేను లివరు ఎత్తి పట్టుకునేదాన్ని. లివరు ఎత్తి ఉన్నంతసేపూ సిలిండర్లో గాలి నొక్కుకోదు కాబట్టి చక్రం తేలిగ్గా తిరుగుతుంది. ఊపందుకున్నాక నాన్న "వదులమ్మాయ్" అంటే వదలాలి. అప్పుడు ఆ చక్రాలు తమ ఊపుతో గాలిని నొక్కేస్తాయి, ఇంజను డుబ్బుమని అందుకుంటుంది. తర్వాత కూడా అంతే. పిస్టన్ నాలుగు కదలికల్లో శక్తినిచ్చేది ఒక్కటే. మిగతా మూడింటికీ చక్రమే లాగాలి. అంటే చక్రం రెండు చుట్లు తిరిగితే అందులో అరచుట్టు మాత్రమే ఇంజను సంపాదన, మిగతా ఒకటిన్నర అప్పు. ఊపు చాలకపోతే హ్యాండిల్ వెనక్కి కొడుతుంది. నేను హైస్కూల్లో ఉండగా ఒక చలికాలం పొద్దున పాలేరుతో కలిసి లేపుతుంటే అట్లాగే కొట్టి నాన్న మణికట్టు విరిగింది. అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది.

ల్యాబు సంగతి విని ఆయన కాసేపు ఆ మణికట్టు నిమురుకున్నాడు. "అంకె ముందే రాసుకుని తూచేవోడు మనకు కొత్తేవుందమ్మాయ్. పత్తి కాటా కాడ చూస్తన్నాంగా," అన్నాడు. కాసేపాగి, "మన ఇంజను చక్రానికి ఎంతొచ్చిద్దో కొలవగలవా మరి? దానికి జవాబు ఎవరి కాడా లేదు," అన్నాడు.

కొలిచాం. ఇరుసుకు మోకు చుట్టి, ఇసక నింపిన యూరియా సంచి బావిలోకి వేలాడదీసి, పక్కచేలవాళ్ళు వింతగా చూస్తుండగా. వచ్చిన అంకె నాకు గుర్తులేదు, దాన్ని సరిచూడ్డానికి ఎవరూ లేరు కూడా. నాన్న మాత్రం గోడమీద బొగ్గుతో రాసుకున్నాడు. ఆ ఏడు వానలకు అది పోయింది.

జవాబు ఎవరి దగ్గరా లేని కొలతలు అంటే ఆ తర్వాత నాకు పిచ్చి పట్టుకుంది. భూమినే తీసుకోండి. లోపలంతా ఒకే సాంద్రత ఉన్న గోళమైతే దాని జడత్వ భ్రామకంలో 0.4 అన్న అంకె రావాలి. భూమికి 0.33 వస్తుంది. ఉపగ్రహాల దారి చూసి, భూమి ఇరుసు బొంగరంలా తూగే తీరు చూసి కట్టిన లెక్క ఇది. 0.4 కన్నా తగ్గిందంటే బరువంతా నడిమధ్యకు చేరిందని. ఎవరూ దిగి చూడని చోట ఇనుప గుండు ఉందని చెప్పే సాక్ష్యాల్లో ఇదొకటి. ఇంకో సరదా లెక్క. నాగార్జునసాగర్ దాదాపు 16న్నర డిగ్రీల అక్షాంశం మీదుంది, అంటే భూమి ఇరుసుకు బాగా దూరంగా. సముద్రాలన్నిటా పరుచుకోవాల్సిన నీళ్ళను తెచ్చి అక్కడ నిలబెట్టాం కాబట్టి భూమి జడత్వ భ్రామకం రవ్వంత పెరగాలి, రోజు రవ్వంత సాగాలి. 312 టీఎంసీలు వేసుకుని రఫ్‌గా కట్టి చూశాను. మైక్రోసెకనులో పదో వంతు వచ్చింది. మా మెరక పొలానికి నీళ్ళివ్వకపోతేనేం, రోజునైతే పొడిగించింది.

చదువయ్యాక నేనూ ఫిజిక్స్ పాఠాలే చెప్పుకుంటున్నాను. 2020లో కరోనా వచ్చి ల్యాబులు మూతపడినప్పుడు అమృత విశ్వవిద్యాపీఠం వాళ్ళ వర్చువల్ ల్యాబు మమ్మల్ని ఆదుకుంది. అందులో ఫ్లైవీల్ కూడా ఉంది. మౌసుతో దారం చుట్టి వదిలేయడమే. ఏమీ లేనిదానికన్నా ఎంతో మేలు, కాదనను. కానీ కరోనా పోయాక కూడా దాన్నే వాడుకోవచ్చు కదా, ఆ గదిని కంప్యూటర్లకు ఇవ్వొచ్చు కదా అన్న మాట వినపడుతూనే ఉంది. డిగ్రీలో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చాక ఫిజిక్స్ తీసుకునేవాళ్ళు కూడా మా దగ్గర పల్చబడ్డారు. తెర మీది చక్రానికి బేరింగులో దుమ్ము చేరదు. దాన్ని ఎవరూ మార్చి తలుపుకు అడ్డం పెట్టరు. దానికి తెలిసిన జవాబు దాని లోపలే ఉంది, పిల్లలు మౌసు నొక్కి దాన్ని బయటికి తీస్తారు. అది 6.2 లక్షల రికార్డుకు దూరపు చుట్టంలా కనిపిస్తుంది నాకు.

మా ల్యాబులో చక్రానికి లేతు పట్టేవాళ్ళ చేత ఎదురెదురుగా బెజ్జాలు వేయించాను. నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఒక జత, ఎనిమిది దగ్గర ఒక జత. అరకిలో ఇనుప బిళ్ళలు రెండు చేయించి, ఏడాదికోసారి వాటి చోటు మార్చి వెనకవైపు బోల్టు బిగిస్తాను. లోపలి బెజ్జాల్లో పెడితే జడత్వ భ్రామకం 16 వేలు పెరుగుతుంది, బయటివాటిలో పెడితే 64 వేలు. ఒక్కో ఏడు ఒక బిళ్ళ కింద వాషర్లు కూడా చేరుస్తాను, రెండో పక్కా అన్నే. దాంతో సీనియర్ల రికార్డు ఎవరికీ పనికిరాదు. మొదట్లో పిల్లలు విసుక్కున్నారు. తోటి లెక్చరరు ఒకాయన, "ఎందుకు మేడం వాళ్ళనట్టా ఏడిపిస్తారు," అన్నాడు కూడా.

ఈ ఏడు మొదటి జట్టుకు 5.71, రెండో జట్టుకు 5.63 వచ్చాయి. మూడో జట్టుకు 6.4. అందులో దాచేపల్లి నుంచి వచ్చే కుర్రాడు ఒకడు, "ఆన్సర్ ఎంత మేడం?" అని అడిగాడు. నాకూ తెలియదన్నాను. నమ్మలేదు. వాళ్ళ జట్టులోని అమ్మాయి మాత్రం చక్రం దగ్గరికెళ్ళి చేత్తో ఒకసారి మెల్లగా తిప్పి, చెవి పెట్టి విని, చమురు డబ్బా ఎక్కడుంటుందని అడిగింది. చూపించాను. ఇప్పుడు మళ్ళీ చుడుతున్నారు, ఈసారి లెక్కపెట్టేది ఆ అమ్మాయి.